బేస్తారం

ఇయ్యాల ఫ్రీజరు ఖాళీ చేస్తున్నం.
మైనస్ ఎనభై. తలుపు తీస్తే
చలిపొద్దుల పానగల్లు చెరువు మీది పొగ లెక్క
తెల్లటి ఆవిరి కాళ్ల మీదికి జారుతది.
యాకూబ్ చేతులకు మందపు తొడుగులు,
నా చేతుల అట్ట ఊడిన రిజిస్టరు.
నల్లగొండ దవాఖాన వెనక ఈ రెండర్రల్ల
ఇరవై ఆరేండ్లు నేను తాళమేసి కాపాడింది
మంది తెమడ.

చదువుకునే రోజుల్ల మా సారు చెప్పిండు:
పత్తి దుమ్ముల పనిచేసేటోళ్ల ఛాతీని
సోమవారం పట్టుకోవాలె.
సెలవు నాడు కోలుకున్న ఊపిరితిత్తులు
మరునాడు దుమ్ము తగలంగనే అదిరిపడ్తయి.
పుస్తకంల కూడ అదే ఉన్నది.
నమ్మిన.

దేవరకొండ తొవ్వల జిన్నింగు మిల్లుకు
రెండు సీజన్లు, తప్పకుండ సోమవారం,
ఊదే గొట్టాలు సంచిలేసుకొని పోయిన.
"గట్టిగ ఊదమ్మా, ఇంకా, ఇంకా, ఇంకా..."
పొద్దున గీతా, పొద్దుగూకే గీతా
ఒక్క తీరుగనే వచ్చినయి.
పైసలియ్యలేమని మూడోపారి ఢిల్లీ ఉత్తరం:
ఆ ప్రాంతంలో ఈ సమస్య ఉన్నట్టు ఆధారం లేదు.

ఆ ఉత్తరం నా సంచిల ఉన్న దినమే
సక్రి అడిగింది,
తలకు చుట్టిన తువ్వాల ఇప్పి, దూది దులుపుకుంట:
"మేడం, నువ్వు సోమారమే ఎందుకొస్తవు?
మాకు ఐతారం సెలవు ఎవడిచ్చిండు?
బుధారం అంగడి. మిల్లు బందు.
బేస్తారం రా,
నా రొమ్ముల పిల్లి కూతలు ఇనిపిస్త."

పోయిన.
ఎనిమిదింటికి నిటారుగ లేచిన గీత
రెండింటికల్లా
మూట దించి గోడకు చేర్లబడ్డ మనిషైంది.
సక్రిది. ఇంకా ముప్పై నాలుగు మందిది.

ఆ రాత్రి అద్దప్పలక మీద రంగు పోసి
ఇసినోఫిల్ కణాల కోసం చూసిన.
ఎర్రజొన్నలు కూరిన గరిసెల్లాగ ఉంటయవి,
ఆస్తమా అంటే అవే అనుకునేదాన్ని.
లేవు. కండ్లద్దాలు తుడిచి మళ్ల చూసిన. లేవు.
లారీ చుట్టు హమాలీల లెక్క
గుంపులు గుంపులు న్యూట్రోఫిల్లు.
పత్తిని కాదు, పత్తి మీద కూసున్న సూక్ష్మజీవుల విషాన్ని
కొరుకుతున్నయి.
రెండు తప్పులు నాయి. ఒకటి సక్రి దిద్దింది,
ఒకటి రాత్రి రెండుగంటలకు మైక్రోస్కోపు.

ఒక ఎండాకాలం పందొమ్మిది గంటలు కరెంటు పోయింది.
యాకూబ్ ఐసు ఫ్యాక్టరీ నుంచి
రంపపుపొట్టుల చుట్టిన దిమ్మెలు టీవీఎస్ మీద తెచ్చిండు.
ఐసుతోని మైనస్ ఎనభై నిలవదని ఇద్దరికీ ఎరుకే.
అయినా పేర్చినం. డెబ్బై రెండు సీసాలు పోయినయి.

నా పేపరు పదకొండు పేజీలు.
అందుల సక్రి "నలభై ఒకటి".
పేర్లు రాయొద్దు. మంచి రూలే.
పేపరు సూపెడితే ఓనరు రెండు ఫ్యాన్లు తెచ్చిండు,
ఒకటి ఆఫీసుల పెట్టుకున్నడు.
నేనిచ్చిన ఇన్‌హేలరు సక్రి బొడ్లె చెక్కుకొని
ముగ్గురికి పీల్పించేది.
ఒద్దని చెప్పిన. "ఆళ్లది ఊపిరి కాదా?" అన్నది.

పోయినేడు ఆమె కొడుకు ఫోను చేసిండు.
చేన్ల పాము కరిచిందట.
ఊపిరితిత్తులు కాదని
ఒక్క గడియ పాణం తేలికైంది నాకు.
ఆ తేలిక ఇప్పటికీ సిగ్గనిపిస్తది.

రేపో మాపో నా జాగల వచ్చే పిల్ల
జన్యువులు చదివే మిషను తెస్తదట. తేనియ్యి.
వచ్చినంక ముందుగాల
ఏ ఊర్ల అంగడి ఏ దినమో
అడిగి రాసుకొమ్మని చీటీ పెట్టిన.

"ఇది సుత పారేయాల్నా మేడం?"
యాకూబ్ వేళ్ల నడుమ నలభై ఒకటి.
మంచు తుడిస్తే నా పాత చేతిరాత.

"ఇయ్యాల ఏం వారం?"
"బుధారం."

అంగడి. మిల్లు బందు.
సక్రికి నిమ్మళంగ ఊపిరాడే దినం.

లోపల పెట్టి తలుపు మూసిన.